జాతరకి జోళ్ళు

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. ఆ మాటన్నవారెవరో గాని, నలభై దాటాక వానకి తడిసిన ఎర్రమట్టిలో కాలు జారి ఉండరు. నోరు జారి, ఆనక నాలుగు మంచిమాటలతో సర్దుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. తుంటి విరిగినవాళ్ళకి మంచిమాటలు పనిచెయ్యగా చూడలేదు.

అయినా మన ఆడవాళ్ళ సంగతి తెలిసిందే కదా! చీరకోసం నాలుగు షాపులెక్కి దిగుతాం. జాకెట్టు రంగు కలవకపోతే ఐదో షాపుకీ వెళ్తాం. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "ఏదో ఒకటి ఇవ్వవయ్యా, కాళ్ళకేగా!" అనేస్తాం. మన బరువు, మన సంసారం బరువు కూడా మోసేవి ఆ రెండు అరికాళ్ళేనని ముల్లు గుచ్చుకున్న రోజున తప్ప గుర్తుకు రాదు.

ఇంతగా కాళ్ళ గురించి ఆలోచించే అవకాశం నాకు కుప్పం గంగమ్మ జాతరవల్ల కలిగింది.

కుప్పం చూడనివాళ్ళకోసం రెండు ముక్కలు. చిత్తూరు జిల్లాలో ఒక మూలనున్న ఊరు. అటు అడుగేస్తే కర్ణాటక, ఇటు అడుగేస్తే తమిళనాడు. కొత్తిమీర కట్టకి మూడు భాషల్లో బేరమాడగలవాళ్ళు అక్కడ కొల్లలు. ఏటా మే నెలలో ప్రసన్న తిరుపతి గంగమ్మకి జాతర జరుగుతుంది. అమ్మవారి శిరస్సు ఊరేగింపు, విశ్వరూప దర్శనం జరిగే రోజుల్లో ఊళ్ళోని వీధులన్నీ గుడివైపే పారుతున్నట్టుంటాయి.

మే నెలలో బురదేమిటి అంటారేమో! ఆ ఊరు మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టానికి రెండువేల అడుగులకి పైన ఉంది. పగలంతా ఎండ మాడ్చేస్తుంది. సాయంత్రం నాలుగింటికి మబ్బు పట్టి, ఉరిమి, ఒక గంటసేపు దంచి, చెట్టుమీది మామిడికాయల్లో సగం రాల్చి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతుంది వాన. ఆ గంట చాలు, వేలమంది తొక్కిన మైదానం పాకం కావడానికి.

మా మేనత్త అక్కడే ఉంటుంది. డెబ్భైనాలుగేళ్ళ మనిషి. మొన్న జాతరకి నేను వెళ్ళిన రోజే ఆవిడ మనవరాలు, అంటే మా బావ కూతురు, బెంగుళూరునుంచి రైలు దిగింది. కంప్యూటర్ల ఉద్యోగం. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో బూట్లు.

"పిన్నీ, నువ్వు చెప్పు. జాతరలో బురదగా ఉంటుందన్నాడు నాన్న. ఏవి వేసుకోను?" అంటూ రెండు జతలూ వసారాలో పెట్టింది.

మొదటి జత హిమాలయాల్లో నడవడానికి కొన్నవట. చీలమండ దాటి పైకున్నాయి. దుక్కలాంటి తోలు, పది పది కన్నాల్లోంచి తాళ్ళు, అడుగున ట్రాక్టరు టైరుకున్నట్టు గాట్లు. రెండో జత మోకాళ్ళ కిందిదాకా వచ్చే ఆకుపచ్చ రబ్బరు బూట్లు. మనం గమ్ బూట్లంటామే, అవి.

మా అత్త కళ్ళజోడు సర్దుకొని రెండో జతని తేరిపార చూసి, "ఇవేందే, బోరింగు పైపులా?" అంది.

పిల్ల ఓపిగ్గా చెప్పింది. ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ అని ఒక సంగీతోత్సవం ఉందట. 1970లో ఒక పాడిరైతు తన పొలంలోనే మొదలుపెట్టాడట. లక్షమందికి పైగా వచ్చి గుడారాలు వేసుకొని రోజుల తరబడి అక్కడే ఉంటారట. వాన పడితే పొలమంతా బురదే. 1997లో బురద ఎంత ముంచెత్తిందంటే ఆ ఏడాదిని బురద ఏడాదిగానే చెప్పుకుంటారట. అక్కడికి వెళ్ళేవాళ్ళందరి కాళ్ళకీ ఈ బూట్లే ఉంటాయట.

"అక్కడ ఏ దేవుడుండేది?" అడిగింది మా అత్త.

"దేవుడు లేడవ్వా, పాటలు."

"పాటలకోసరం బురదలో పొర్లుతారా!" అని బుగ్గన వేలేసుకుంది గాని, వెంటనే న్యాయం గుర్తొచ్చింది. "మనం మాత్రం తక్కువా? భారతం నాటకాలకి తెల్లవార్లూ మట్టిలో కూచోమా?" అంది.

నిజమే. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరి రోజున మైదానంలో మట్టితోనే కొండంత దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి భీముడిచేత తొడ విరగ్గొట్టిస్తారు. ఆ మట్టి పిడికెడు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే మంచిదని జనం ఎగబడతారు. బురదని కాళ్ళకంటకుండా చూసుకోవడం ఎలాగా అన్నది గ్లాస్టన్‌బరీవాళ్ళ సమస్య. ఆ బురదనే గుప్పిట్లో పట్టుకొని ఇంటికి తెచ్చుకోవడం మనవాళ్ళ సంబరం.

ఇంతకీ ఆ పైపులకి ఇంగ్లండులో వెల్లింగ్టన్ బూట్లని పేరు. ఆ వెల్లింగ్టన్ ప్రభువు మనకి మరీ పరాయివాడేం కాడు సుమండీ! అసలు పేరు ఆర్థర్ వెల్లెస్లీ. ఆ బిరుదు రాకముందు, 1799లో టిప్పు సుల్తాను మీద యుద్ధానికి వచ్చిన సైన్యంలో ఉన్నాడు. ఆ సైన్యం వేలూరులో బయలుదేరి, ఆంబూరు, రాయకోటల మీదుగా శ్రీరంగపట్నం చేరింది. అంటే కుప్పం పొలిమేరల్లోంచే అనుకోండి. తీరా శ్రీరంగపట్నం దగ్గర ఏప్రిల్ 5 రాత్రి, సుల్తాన్‌పేట తోపులో, పంటకాలవల మధ్య చీకట్లో దారి తప్పి, మోకాలికి దెబ్బ తగిలించుకొని వెనక్కి తిరిగాడు. తర్వాతెప్పుడో లండన్‌లో చెప్పులు కుట్టే హోబీ అనే ఆయనచేత తనకి నచ్చినట్టు తోలుబూట్లు కుట్టించుకుంటే వాటికి ఆయన పేరే నిలిచిపోయింది. రబ్బరువి 1850లలో వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో నీళ్ళు నిలిచిన కందకాల్లో సిపాయిల కాళ్ళు కుళ్ళిపోతుంటే, ఒక్క కంపెనీయే పదకొండు లక్షల పైచిలుకు జతలు తయారుచేసి పంపింది. సంగీతం వినడానికి వేసుకొనే బూట్ల వెనక ఇంత కథ!

కథ సరే, ఏవి వేసుకోవాలో తేలలేదు కదా! నవలలు రాసేదాన్ని కనక నాకు అన్నీ తెలుసునని మా బంధువులకొక భ్రమ. నేను నోరు విప్పేలోగానే మా అత్త తీర్పు మొదలుపెట్టింది.

"మూడు అడుగుతా, చెప్పు. ఒంటికాలిమీద నిలబడి యిప్పగలవా? యాడన్నా పోతే ఏడవకుండా యింటికొస్తావా? చెంబుడు నీళ్ళకి శుభ్రమవుతాయా?"

ఆలోచించి చూడండి, జాతరలో పాదరక్షల శాస్త్రమంతా ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది. గుడి ముందు కూర్చోవడానికి అరుగుండదు. వెనకనుంచి జనం తోసేస్తుంటారు. పది కన్నాల తాళ్ళు విప్పుతూ కూర్చుంటే దర్శనం రేపటికే. విడిచిన చోట తిరిగి కనిపిస్తాయన్న హామీ ఏ దేవుడూ ఇవ్వడు. ఇక ఆ గాట్లలో ఎర్రమట్టి ఇరుక్కుంటే పుల్లతో గీక్కోవలసిందే. హిమాలయాల బూట్లు మూడు ప్రశ్నల్లోనూ తప్పాయి.

రబ్బరు బూట్లు చెంబుడు నీళ్ళ ప్రశ్నలో నెగ్గాయి. కాని ఒంటికాలిమీద అవి ఊడిరావాలంటే ఎదుట ఒక మనిషి పట్టుకు లాగాలి. పైగా ఆ ఎండకి లోపల చెమట పట్టి, పాదం ఉడికిన చిలగడదుంపలా తయారవుతుంది. పైనుంచి వాననీళ్ళు పోయాయా, ఇక రెండు బిందెలు కాళ్ళకి కట్టుకొని నడుస్తున్నట్టే.

ఇందులో మట్టి సంగతి కూడా ఉంది. నల్లరేగడి నేలలో కాలు దిగబడుతుంది. బురద బూటును తనదగ్గరే ఉంచుకొని కాలు మాత్రం మనకి తిరిగి ఇచ్చేస్తుంది. కుప్పం నేల ఎర్రది. అడుగున గట్టి, పైన ఒక పొర మాత్రం నూనె పోసినట్టు జారుతుంది. ఇక్కడ భయం దిగబడటం కాదు, జారడం. కనక ఎత్తుతో పనిలేదు, పట్టు కావాలి. ఇంకో భయం కొబ్బరిచిప్పలు. కొట్టిన కాయల పెంకులు బురద కింద కత్తుల్లా దాక్కొని ఉంటాయి. కనక అడుగు మందంగానూ ఉండాలి.

పోనీ మన హవాయి చెప్పులు? వాటిని నేనేమీ అనను. ఈ దేశంలో మధ్యతరగతి ఇళ్ళని మోసింది అవే. కాని తడిలో అవి చేసే అల్లరి మీకూ తెలుసు. వేసిన ప్రతి అడుగుకీ వెనక చీరమీద పిడికెడు చుక్కలు చల్లుతాయి. సరిగ్గా జనం మధ్య గుబ్బ ఊడొస్తుంది. అప్పుడు మెళ్ళో గొలుసుకున్న పిన్నీసు తీసి గుబ్బ కింద గుచ్చి నడిచి రావలసిందే. ఆ విద్య రాని గృహిణి ఉందా అసలు?

చివరికి మడమ వెనక పట్టీ ఉన్న పాత రబ్బరు శాండల్సు పిల్లకి ఖాయమయ్యాయి. ఒక్క మెలికకి ఊడతాయి, పోయినా దిగులు లేదు, కడిగితే చాలు. కొండబూట్లు బీరువా కిందకి వెళ్ళాయి. పైపుల్ని చూస్తూ మా అత్త, "ఇవి జాతరకి కాదే, జాతర మర్నాటికి" అంది. ఆ మాట అప్పుడు మాకెవరికీ బోధపడలేదు.

అంతా అయింది కదా అని నేను నాలుగో ప్రశ్న వేశాను. "మరి నీ సంగతేమిటత్తా?"

"నాకేముండాది? ఎప్పట్లానే ఉత్తకాళ్ళు. అమ్మ దగ్గరికి దీపం ఎత్తుకొని పోయేదానికి చెప్పులా?"

మా అత్తకి పద్దెనిమిదేళ్ళుగా షుగరు. అరికాళ్ళకి స్పర్శ సరిగ్గా లేదు. దూదిమీద నడుస్తున్నట్టుంటుందంటుంది. పోయినేడు చెప్పులో చింతగింజ పడితే పగలంతా దానిమీదే నడిచింది. రాత్రి కాళ్ళు కడుక్కుంటుంటే బొబ్బ కనిపించింది. అది పుండయి మానడానికి రెండు నెలలు పట్టింది. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా తిరగొద్దన్నాడు డాక్టరు. కుప్పం గ్రానైటుకి పేరు మోసిన ఊరు. మే నెల ఎండలో ఆ రాయి పెనంలా కాలుతుంది. మనకైతే చుర్రుమనగానే కాలు దానంతటదే లేస్తుంది. ఆవిడకి లేవదు.

ఆ రాత్రి చాలాసేపు వాదించాం. వాదనంటే కోపాలు కావు. ఆవిడ తన కాళ్ళ చరిత్ర చెప్పుకొచ్చింది. చిన్నతనంలో ఆడపిల్లలు చెప్పులేసుకోవడమే గర్వం కింద లెక్క. అరుగుమీద పెద్దవాళ్ళు కూర్చుంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకొని దాటాలి. అత్తవారింట్లో వంటింటికీ బావికీ మధ్య ముళ్ళబాటలో ముప్పై ఏళ్ళు ఉత్తకాళ్ళే. "మగోళ్ళ చెప్పులు కిర్రుమంటా వుంటే వాళ్ళొస్తా వుండారని లేచి నిలబడతా వుంటిమి. మా కాళ్ళకి చప్పుడే లేదు" అంది.

ఆవిడ అలా చెబుతుంటే నాకు అంతకన్న అన్యాయం జరిగిన కాళ్ళు గుర్తొచ్చాయి. తిరుపతి వేంకటేశ్వరుడు రాత్రిళ్ళు కొండ దిగి తిరిగి చెప్పులు అరగదీస్తాడని, చర్మకారులు కొత్తవి కుట్టి తెచ్చేవారని, ఒక కాలిది ఒకరు, రెండో కాలిది మరో ఊళ్ళో మరొకరు కుట్టినా రెండూ సరిగ్గా జతపడేవని కథ చెప్పుకుంటారు. అలిపిరి దగ్గర పాదాల మండపంలో లోహపు పాదుకలు నెత్తిన పెట్టుకొని భక్తులు ఇప్పటికీ ప్రదక్షిణం చేస్తారు. దేవుడి జోడు నెత్తికెక్కింది సరే. ఆ జోడు కుట్టిన మనిషి మాత్రం తను కుట్టుకున్న చెప్పులతో ఊరి వీధిలో నడవడానికి లేకపోయింది. ఎప్పటి మాటో అనుకుంటాం. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు కూడా, నలుగురూ తిరిగే చోట వాళ్ళని చెప్పులు వేసుకోనివ్వకపోవడం నేరమని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. కొత్తబట్టలు కట్టుకోవడం, సైకిలెక్కడం కూడా ఆ పట్టికలోనే ఉన్నాయి.

"అందుకే చెప్తున్నానత్తా, ఇన్నాళ్ళకి కాలికి చెప్పు దొరికింది. ఎందుకు వదులుకుంటావు?" అన్నాను.

మా అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "అప్పుడు ఇప్పించినారు. ఇప్పుడు నేనే ఇప్పుతా వుండా. రెండూ ఒకటేనా?"

చెప్పొద్దూ, దానికి నాదగ్గర జవాబు లేకపోయింది. మొక్కుకొని విడిచే చెప్పు వేరు, ఒకరు విడిపించే చెప్పు వేరు. ఆవిడ భక్తిని మూఢత్వమని కొట్టిపారేసే హక్కు నాకెక్కడిది?

అప్పుడు వేలూరు సంగతి చెప్పాను. కుప్పానికి రైల్లో పోయేంత దూరమే కదా! అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. కుష్ఠురోగుల వేళ్ళూ పాదాలూ జబ్బువల్లే వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో అనుకొనేవారు. ఆయన రోగుల వెంట ఉండి పరిశీలిస్తే తేలిందేమిటంటే, ఆ పుళ్ళలో చాలావాటికి కారణం నొప్పి తెలియకపోవడం. ముల్లు దిగినా తెలియదు, కాలినా తెలియదు, తెలియక అదే పాదంమీద నడుస్తారు. నొప్పి దేవుడిచ్చిన వరమని ఆయన జీవితాంతం చెప్పాడు. పాదానికి ఒత్తిడి తగలకుండా మెత్తని రబ్బరుతో చెప్పులు చెయ్యడానికి అక్కడ ఎన్నో ప్రయత్నాలు చేశారు. ఇవాళ షుగరు రోగులకి ఎం.సి.ఆర్. చెప్పులని రాసిస్తున్నారే, అవీ ఆ కోవలోవే.

"నీ కాళ్ళకి నొప్పి తెలియదు కనక వాటి తరఫున ఇంకెవరో చూడాలి కదత్తా. గంగమ్మకి దీపం కావాలి గాని నీ పుండు కావాలా?" అన్నాను.

"చూస్తాంలే" అని పడుకుంది.

తెల్లవారి లేచేసరికి దండెంమీద కొత్త నూలు మేజోళ్ళు రెండు జతలు, పచ్చగా ఆరుతున్నాయి. రాత్రే మనవరాలిచేత తెప్పించి పసుపునీళ్ళలో ముంచి ఆరేసిందట. "కాళ్ళకి పసుపు రాసుకోవాల్నా లేదా? ఇదీ పసుపే" అంది. గుడి వాకిలిదాకా మెత్తటి చెప్పులు, పట్టీ బిగించి. అక్కడ చెప్పులు విడిచి ఊడ్చిన రాతిమీద పసుపు మేజోళ్ళు. తడిస్తే మార్చుకోవడానికి రెండో జత నా సంచిలో. అదీ రాయి కాలకముందే, తెల్లవారుజామున. షరతులన్నీ ఆవిడే పెట్టింది. నేను తలూపాను.

మర్నాడు తెల్లవారుజామున అలాగే వెళ్ళాం. పిండిదీపం చేత్తో పట్టుకొని, పచ్చటి పాదాలతో ఆవిడ నడుస్తుంటే పక్కన ఒకావిడ, "బాగుండాయే, యాడ కొంటివి అవ్వా?" అని అడిగింది. సాయంత్రం వాన దంచింది. పిల్ల శాండల్సుతో జారకుండా తిరిగొచ్చింది. రాత్రి దీపం వెలుగులో మా అత్త అరికాళ్ళు అద్దంపెట్టి చూశాను. గీతైనా లేదు.

జాతర ముగిసిన మర్నాడు పొద్దున్నే పాలకోసం మైదానం పక్కనుంచి వెళ్తున్నాం, నేనూ పిల్లా. పూలు, ఎంగిలి విస్తళ్ళు, కొబ్బరిచిప్పలు, గాజుపెంకులు, అన్నీ కలిసి చీలమండ లోతు బురద. అందులో పది పన్నెండుమంది ఆడవాళ్ళు చీరలు ఎగదోపి ఊడుస్తున్నారు. ఒకావిడ కాళ్ళకి పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పులు. మిగిలినవాళ్ళలో సగంమందికి అవీ లేవు. ఏ ఊళ్ళో ఏ ఉత్సవమైనా మర్నాటి పొద్దుట ఇదే దృశ్యం. మనం అప్పటికి ఇంట్లో ప్రసాదం తింటూ ఉంటాం.

పిల్ల ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళి రబ్బరు బూట్లు తెచ్చింది. ఒకావిడ తీసుకొని తొడిగి చూసింది. నాలుగడుగులు వేసి, నవ్వి, విప్పి ఇచ్చేసింది. "బాగుండాయమ్మా. నాకొక్కదానికే అయితే నా కాళ్ళు మిగుల్తాయి, వీళ్ళవి? ఇస్తే అందరికీ ఇయ్యాల" అంది. సిగ్గుపడవలసిన మాట ఆవిడ అనలేదు.

జాతరలకీ, నవరాత్రులకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ చందాలు పోగుచేసే కమిటీల్లో ఈమధ్య మనవాళ్ళూ ఉంటున్నారు. మైకుసెట్టుకింత, పూలకింత, లైట్లకింత అని పద్దు రాస్తాం. ఆ పద్దులో ఇంకొక్క వరస పెంచితే ఏ దేవుడూ కాదనడు. చేతులకి తొడుగులు, కాళ్ళకి బూట్లు, సరిపోయే సైజుల్లో.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా అత్త ఆశ్చర్యపోలేదు. "మర్నాటికని ముందే చెప్తినిగా" అంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకొని, వచ్చే ఏడాది కోసమని కొత్త నోటుపుస్తకం తెరిచి, మొదటి పేజీలో పసుపు బొట్టు పెట్టి, దాని కింద రాసింది:

"బోరింగు పైపులు, పన్నెండు జతలు."